కుటుంబం అనే నంబరు

చెప్పిన మాట ఎదుటివాళ్ల చెవిన పడకపోవడం మనిషిని ఎక్కువగా కోస్తుందా, పడినా పడనట్టు వాళ్లు ఊరుకోవడం ఎక్కువగా కోస్తుందా?

లేతు మిషను మీద గిర్రున తిరుగుతున్న కుర్చీ కాలికి ఉలి ఆనించి, అతను తనకు తాను వేసుకున్న ప్రశ్న ఇది. మొదటిదానికి మందుంది. గొంతు పెంచవచ్చు, దగ్గరికి వెళ్లి చెప్పవచ్చు. రెండోదానికి లేదు. వినీ విననట్టుండేవాడికి ఎంత గట్టిగా చెబితే అంత లోకువ. ఆదివారం వచ్చిందంటే ఈ ప్రశ్న కొయ్య పొట్టులా అతని ఒళ్లంతా అంటుకుంటోంది. దులిపినా పోవడం లేదు.

ప్రతి ఆదివారం ఉదయం అతని కుటుంబం ఫోనులో సమావేశమవుతుంది. సమావేశం అనేది మర్యాద కోసం వాడే మాట. నలుగురు మనుషులు, ఒకరి మొహం ఒకరు చూడనవసరం లేకుండా, ఒకే లైనులో కలిసి ఐదోమనిషి సంగతి తేల్చే ప్రయత్నం అది.

అతను కుర్చీలు చేస్తాడు. కింద కార్ఖానా, పైన రెండు గదులు. తల్లి పోయాక ఆ గదుల్లో మిగిలింది అతనూ, ముప్పై దాటిన చెల్లెలూ. చెల్లెలికి చిన్నతనం నుంచీ మూర్ఛలు వస్తాయి. చేతులు మాత్రం చురుకు. అతను చేసిన కుర్చీలకు కేను అల్లేది ఆమే. నాలుక చేతులకంటే చురుకు. వేసవి మొదట్లో ఒకనాడు, లేతు పక్కగా నడుస్తూ ఉండగా ఆమెకు మూర్ఛ వచ్చింది. పడుతూ పడుతూ నుదురు మిషను అంచుకు కొట్టుకుంది. ఆ సాయంత్రమే అక్క వచ్చింది. చెల్లెలి తలకట్టు చూసింది, గోడకు వేలాడుతున్న ఉలులు చూసింది, నేల మీద ఇంకా తుడవని మరక చూసింది.

"నీకు నీ కుర్చీలే ముఖ్యం. ఇది ఎప్పుడు పోతుందా అని ఎదురుచూస్తున్నట్టున్నావు," అంది.

"అంత ప్రేమ కారిపోతుంటే తీసుకెళ్లి నువ్వే చూసుకో. ఏడాదికి రెండుసార్లొచ్చి కళ్లు ఒత్తుకుని పోవడం ఎవరైనా చేస్తారు," అన్నాడు అతను.

అంతే. జారిన మాటను ఏరుకోవడానికి ఇద్దరిలో ఎవరూ వంగలేదు. వాడితో విడిగా మాట్లాడేది లేదు, ఏదున్నా నలుగురి మధ్యే అని అక్క తెగేసి చెప్పింది. అప్పుడు బావ, తన కంపెనీ ఇచ్చిన సమావేశాల లైనును వాడుకుందామన్నాడు. ఆ నంబరుకు ఫోను చేస్తే ఒక ఆడగొంతు స్వాగతం చెప్పి కోడ్ అడుగుతుంది. కోడ్ నొక్కినవాళ్లందరూ ఒక్కచోట కలుస్తారు. ఇంటి నుంచి అక్క, పని మీద ఎక్కడుంటే అక్కడి నుంచి బావ, తన ఇంటి నుంచి చిన్నాన్న, కార్ఖానా నుంచి అతను. తేల్చవలసిన విషయం ఒక్కటే: చెల్లెలిని సంరక్షణ గృహంలో చేర్చాలా, అక్కర్లేదా.

మొదటి ఆదివారం రసాభాస అయింది. వార్నిష్ అంటిన వేలితో అతను కోడ్ తప్పు నొక్కాడు, మళ్లీ తప్పు నొక్కాడు. చివరికి లైనులోకి వచ్చేసరికి లేతు ఆపడం మరిచిపోయాడు. ఆ హోరుకు, అసలే చెవుడున్న చిన్నాన్న, "ఎక్కడో రైలు పట్టాల మీద కూర్చుని మాట్లాడుతున్నాడు వీడు," అని విసుక్కుని ఫోను పెట్టేశాడు.

ఆ వారంలోనే బావ కార్ఖానాకు వచ్చాడు.

"ఏం బామ్మర్దీ, నాలుగంకెలు నొక్కేసరికి నీకు ముచ్చెమటలు పోశాయట. ఇలా తే ఆ ఫోను." బెంచీ మీద పొట్టు దులిపి కూర్చున్నాడు. "చూడు, నంబరు వేశాక ఒక కామా పెడతా. కామా అంటే ఫోనుకి 'కాసేపు ఆగు' అని చెప్పడం. ఆవిడ స్వాగతం చదివేదాకా ఆగుతుంది, ఆ తర్వాత కోడ్ తనే నొక్కుతుంది. నువ్వు చేతులు ముడుచుకుని కూర్చోవచ్చు."

ఒక్క కామా చాలలేదు. ఆవిడ స్వాగతం ఇంకా సగంలో ఉండగానే కోడ్ వెళ్లిపోయి వృథా అయింది. బావ మరో కామా చేర్చి విన్నాడు. ఇంకోటి చేర్చి విన్నాడు. కమ్మరివాడు కత్తికి సానబెట్టినట్టు అంత శ్రద్ధగా చేసి, దానికి 'కుటుంబం' అని పేరు పెట్టి ఇచ్చాడు.

"ఒక్కసారి తాకితే చాలు. ఆ పీకు పీకు మోతలన్నీ అయిపోయేదాకా చెవి దగ్గర పెట్టుకోకు, గింగురుమంటుంది. బల్ల మీద పెట్టుకో. మోతలు ఆగాక తీసుకో."

బావ తనకోసం అంత ఓపిక పట్టడం అతనికి వింతగా తోచింది. టీ తెప్పించాడు. రెండు మంచి మాటలు కూడా చెప్పాడు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం అతను చెప్పవలసిందంతా చెబుతూనే ఉన్నాడు. లేతు చుట్టూ నడుమెత్తు కటకటాలు కట్టానన్నాడు. డాక్టరు మాత్రలు మార్చాడనీ, మార్చాక ఒక్కసారి కూడా మూర్ఛ రాలేదనీ చెప్పాడు. గోడకు చెప్పుకున్నట్టయింది. అతను చెబుతుండగానే వాళ్లు వేరే మాట ఎత్తుకునేవారు. అతని వాక్యం మధ్యలో అక్క దగ్గేది, బావ గృహంలోని మంచాల గురించి మొదలుపెట్టేవాడు. తనను లేనివాడిగా లెక్కగట్టాలని ముగ్గురూ కూడబలుక్కున్నారని అతనికి రెండో వారానికే అర్థమైంది. అందులో అతనికి కొత్తేమీ కనిపించలేదు. ఆ ఇంట్లో నడిపివాడి మాటకు జవాబు చెప్పే అలవాటు ఎవరికీ ఎన్నడూ లేదు.

వాళ్ల వైపు నుంచి చూస్తే అతని మీద ఉన్న ముద్ర వేరు. చిన్నప్పుడు అలిగాడంటే రోజుల తరబడి పెదవి విప్పేవాడు కాదు. అప్పుడు చిన్నాన్న పెట్టిన 'మౌనస్వామి' అనే పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది.

ఈ ఆదివారమూ వేళ కాగానే అతను లేతు ఆపాడు. ఫోను బల్ల మీద పెట్టి 'కుటుంబం' మీద వేలు ఆనించాడు. అంకెలు వాటంతటవే మోగాయి, ఆగాయి, మళ్లీ మోగాయి, మళ్లీ ఆగాయి, చివరగా మరో రెండు మోతలు వినిపించాయి. అంతా సద్దుమణిగాక, చేతులకంటిన పొట్టు తుడుచుకుని, తీసి చెవికి ఆనించుకున్నాడు.

"టింగుమంది. ఎవరొచ్చారు?" అన్నాడు చిన్నాన్న.

"ఇంకెవరు, మౌనస్వామి," అంది అక్క.

"వచ్చాను చిన్నాన్నా," అన్నాడు అతను.

"సరే, అందరం ఉన్నట్టే," బావ అందుకున్నాడు. "గృహంవాళ్లు ఒప్పుకున్నారు. ఒక మంచం ఖాళీ అయింది. రేపు పొద్దున వాళ్ల బండి వచ్చి తీసుకెళ్తుంది."

అతని చెయ్యి బల్ల అంచును పట్టుకుంది. "రేపా? ఎవర్నడిగి రేపన్నారు బావా?"

"గదిలో ఇంకో ఇద్దరుంటారు," బావ చెప్పుకుపోతున్నాడు. "మిషన్లు లేవు, ఉలులు లేవు. పిలిస్తే పలికే నర్సు ఉంటుంది."

"అది అక్కడ ఉండలేదు. దానికి కొత్తవాళ్లంటే పడదు. దానికి అల్లకం లేకపోతే పిచ్చెక్కుతుంది. దానికి..."

"కిటికీ ఉందా?" అక్క అడిగింది. "కిటికీ పక్కన కాకపోతే అది కూర్చోలేదు, చిన్నప్పట్నుంచీ అంతే."

"ఉంది, ఉంది. అదీ అడిగాను."

"ఒరే అబ్బాయ్," చిన్నాన్న గొంతు పెంచాడు. "ఇంతమందిమి ఇంత సేపట్నుంచి కొట్టుకుంటున్నాం. ఔననో కాదనో ఒక్క మాట అనరా."

"కాదు. వందసార్లు కాదు."

లైనులో సన్నటి గాలి శబ్దం తప్ప ఏమీ లేదు.

"చూశారా, ఉలుకూ లేదు పలుకూ లేదు," అన్నాడు చిన్నాన్న. "వీడి నోరు తెరిపించలేక మా అన్నయ్య సగం అయిపోయాడు. పెద్దయ్యాడు గానీ బుద్ధి ఎక్కడ వదిలామో అక్కడే ఉంది."

అతను పళ్లు కొరికాడు. చిన్నాన్నకు చెవుడు. ఆయనకు వినబడకపోవడం వింత కాదు. తక్కిన ఇద్దరికీ చెవులు నిక్షేపంలా ఉన్నాయి.

"వాడి అలక సంగతి వదిలేయండి," అంది అక్క. "నాకు ఒక్కటే తెలియాలి. దాని తల పగిలి ఇన్నాళ్లయింది కదా, కనీసం ఆ మిషను చుట్టూ ఏదైనా అడ్డం పెట్టాడా, లేదా? ఆ ఒక్కటీ చెబితే నేను ఇంకోసారి ఆలోచిస్తా."

"పెట్టానే అక్కా. కటకటాలు కట్టాను. పోయిన వారమూ చెప్పా, అంతకు ముందు వారమూ చెప్పా. ఇంకెన్నిసార్లు చెప్పించుకుంటావు?"

అక్క ఆగింది. ఆమె ఊపిరి వినిపించింది.

"చెప్పడు," అంది. గొంతులో వణుకు. "పెట్టలేదన్నమాట."

"పెట్టి ఉంటే నోరు పెగిలేది కాదా," అన్నాడు బావ. "సరే, సాయంత్రం నాలుగింటికి మళ్లీ ఇదే లైనులో కలుద్దాం. గృహం మేనేజరు కూడా వస్తారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే అప్పుడు చెప్పాలి. చెప్పకపోతే ఒప్పుకున్నట్టే."

లైను తెగిపోయింది.

ట్యూబులైటు కింద, మూలన కూర్చుని కేను అల్లుతున్న చెల్లెలు తలెత్తలేదు.

"ఏమంటున్నారు మహానుభావులు?"

"రేపు నిన్ను తీసుకెళ్తారట."

ఆమె చేతులు ఆగాయి. మళ్లీ కదిలాయి. "మంచిది. రోజూ పొద్దున్నే నీ మొహం చూసే బాధ తప్పుతుంది."

"నీకు వేళాకోళంగా ఉంది. నేనక్కడ గొంతు చించుకుంటున్నా."

"చించుకున్నట్టే ఉంది. ఇక్కడ నా చెవులు పగిలాయి. వాళ్లేమన్నారు?"

"ఏమీ అనలేదు. అనరు."

అన్నాడే గానీ, ఒక సంగతి అతని మనసులో ముల్లులా కదులుతోంది. అక్కలో వంద లోపాలు ఎంచగలడు. ఆమెది ముక్కు మీద కోపం, పట్టిందే పట్టు. కానీ తెలిసిన సంగతిని తెలియనట్టు అడిగే మనిషి కాదు. అలా నటించగలిగితే ఈ కుటుంబంలో సగం గొడవలు పుట్టేవే కావు. ఆ గొంతులో వణుకు నిజం. వణుకు నిజమైతే, కటకటాల సంగతి ఆమెకు తెలియదు. తెలియకపోతే, తాను ఇన్నివారాలు చెప్పిందంతా ఎక్కడికి పోయింది?

ఫోను తీసి 'కుటుంబం' అనే పేరు వంక చూశాడు.

"ఎంతసేపు చూస్తావు దాన్ని? అందులోంచి అక్క ఊడిపడదు," అంది చెల్లెలు.

పేరు వెనక ఉన్న నంబరును అతను ఇంతవరకూ ఎన్నడూ తెరిచి చూడలేదు. ఇప్పుడు తెరిచాడు. నంబరు. మూడు కామాలు. కోడ్. కోడ్ చివర హ్యాష్. పని అక్కడితో అయిపోవాలి. అయిపోలేదు. మరి రెండు కామాలు, వాటి తర్వాత ఒక స్టార్, ఒక ఆరు.

లోపలికి వెళ్లాక కూడా ఫోను ఆగుతోంది. ఆగి, ఇంకేదో నొక్కుతోంది.

ఫోను తీసుకెళ్లి చెల్లెలికి చూపించాడు. ఆమె కళ్లు చిట్లించి చదివింది.

"ఈ తోకేంటి? కోడ్‌లో స్టార్ లేదుగా. మొదటి వారం నువ్వు పైకి చదువుతూ తప్పులు నొక్కావు, నాకు కంఠతా వచ్చేసింది."

"అదే తెలియడం లేదు."

"తెలియకపోతే నొక్కి విను. స్పీకర్ పెట్టు. ఈసారి బల్ల మీద పెట్టి దిక్కులు చూడకు."

ఇద్దరి మధ్య సగం అల్లిన కుర్చీ మీద ఫోను పెట్టి అతను పేరును తాకాడు. అంకెలు మోగాయి. ఆడగొంతు స్వాగతం చెప్పి కోడ్ అడిగింది. కోడ్ మోగింది. మీరు సమావేశంలో చేరారంది ఆవిడ. కాసేపు నిశ్శబ్దం. రెండు మోతలు. ఆపైన అదే గొంతు, అంతే తీయగా చెప్పింది: "మీ గొంతు మూయబడింది. మీ మాట ఇతరులకు వినిపించదు. తిరిగి మాట్లాడడానికి స్టార్ ఆరు నొక్కండి."

అతను లైను కట్టేశాడు. చెల్లెలికి నవ్వొచ్చింది. ఆపుకోలేదు కూడా.

"ఆవిడ ప్రతి వారం నీకు చెబుతూనే ఉందన్నమాట. నువ్వేమో ఫోను అవతల పెట్టి మహారాజులా కూర్చున్నావు."

"నోరుముయ్."

"నాదెందుకు, నీది మూశారుగా."

అతను గుమ్మం దగ్గరికి వెళ్లి బావ సొంత నంబరుకు ఫోను చేశాడు. బావ వెంటనే ఎత్తాడు.

"స్టార్ ఆరు ఏంటి బావా?"

అవతల ఎవరితోనో "ఒక్క నిమిషం" అని, బావ పక్కకు నడుస్తున్న చప్పుడైంది. "ఇప్పుడు చూశావా?"

"ఏంటని అడిగాను."

"మొదటి వారం నీ మిషను హోరుకి చిన్నాన్న ఫోను పెట్టేశాడు కదా. అందుకని లోపలికి రాగానే నీ మైకు ఆగిపోయేట్టు పెట్టా. మాట్లాడాల్సొచ్చినప్పుడు మళ్లీ నొక్కమని చెబుదామనుకున్నా. నువ్వు టీ అన్నావు, మాటల్లో పడి మర్చిపోయా."

"ఆ తర్వాత గుర్తు రాలేదా?"

"వచ్చింది."

"వస్తే?"

"వచ్చినప్పుడు, ఇలాగే బాగుందనిపించింది." బావ గొంతులో దాపరికం లేదు, సిగ్గూ లేదు. "నిజం చెప్పనా బామ్మర్దీ? నువ్వు నోరు విప్పితే మీ అక్క ఏడుస్తుంది, మీ అక్క ఏడిస్తే నా వారం పాడవుతుంది. నువ్వు వినబడని ఈ వారాల్లోనే అందరం మనుషుల్లా కూర్చుని ఒక పని తేల్చాం. మంచం దొరికింది, డాక్టరున్నాడు. నువ్వు మాట్లాడి ఉంటే ఏం దొరికేది, రెండు తిట్లు దొరికేవి."

"నా మాట నేను చెప్పుకోకుండా చేసి, మళ్లీ నేనే ఒప్పుకున్నానని అంటావా?" అతను మొదటిసారి బావను ఏకవచనంలో అన్నాడు. ఇద్దరూ దాన్ని గమనించారు.

"సాయంత్రం చెప్పుకో. తోక కోసేసి రా. కానీ ఆలోచించుకో, నువ్వు అరిస్తే మీ అక్కకి పాత కోపం మళ్లీ రాజుకుంటుంది, అంతే." ఫోను పెట్టేశాడు.

అతను గుమ్మంలోంచి లోపలికీ లోపల్నుంచి గుమ్మంలోకీ తిరిగాడు. సాయంత్రం అనవలసిన మాటలు నాలుక మీదికి వాటంతటవే వస్తున్నాయి, ఒకదానికంటే ఒకటి పదునుగా. బావను మేనేజరు ముందు నిలబెట్టి కడిగేయాలి. అక్క నోటితోనే ఛీ అనిపించాలి. ఇన్నివారాల కసికీ ఇప్పుడొక సాక్ష్యం దొరికింది. అది చేతికి దొరికినందుకు తనలో ఎక్కడో సంతోషం కదలడాన్ని అతను పసిగట్టాడు. గాయపడినవాడికి గాయం మీద ఇంత మమకారం ఎందుకుంటుంది?

"కడిగేస్తా," అన్నాడు పైకి. "అందరి ముందూ కడిగేస్తా."

"కడుగు," అంది చెల్లెలు. "తర్వాత?"

"తర్వాతేముంది, అడ్డం కట్టానని తెలిస్తే అక్క మెత్తబడుతుంది. తనే అంది. నువ్వు ఎక్కడికీ వెళ్లవని చెప్తా."

"వెళ్లనని నేను చెప్పానా నీకు?"

అతను ఆగిపోయాడు. "చెప్పాలా? నాకు తెలీదా?"

"నీకు తెలుసు. అక్కకి తెలుసు. నన్ను సరిగ్గా చూడనైనా చూడని ఆ బావకి కూడా తెలుసు నాకేం కావాలో. ఈ భూమ్మీద తెలియనిదల్లా నాకొక్కదానికే."

"నీకోసం కటకటాలు కట్టానే."

"కట్టావు. అడిగి కట్టావా?" ఆమె కేనును గట్టిగా లాగి ముడి వేసింది. "కిటికీ పక్కన నా చోటంతా వాటికి పోయింది. నన్ను తెచ్చి ఈ మూలన ట్యూబులైటు కింద కూలేశావు. పగలూ రాత్రీ ఒకటే రంగు. ఏ తీగ ఎటు పోయిందో తెలియక విప్పీ అల్లీ, విప్పీ అల్లీ వేళ్లు పుళ్లు పడ్డాయి. ఫోను కొనిపెట్టమంటే 'దానికెందుకు ఫోను' అన్నావు. ఇందాక చూశావా, కిటికీ ఉందా అని అడగాలని అక్కకి తోచింది."

"నీకెలా తెలుసు అక్క అడిగిందని?"

"నువ్వు చెవికి పెట్టుకుని అరుస్తుంటే ఆ ఫోనులోది నీకు వినబడదేమో గానీ, నాకు వినబడుతుంది."

అతను కటకటాల వైపు చూశాడు. మంచి చెక్క, అతుకు తెలియని పని. వాటిని కట్టిన రోజు తానెంత మంచివాడినని మురిసిపోయాడో గుర్తుంది. వాటి వెనక కిటికీలోంచి పగటి వెలుతురు లేతు మీద పడుతోంది. లేతుకు ఆ వెలుతురు అక్కర్లేదు.

ఇన్నివారాలు తాను ఫోనులో చెప్పిన మాటలను ఒక్కొక్కటే తిరగేసుకున్నాడు. దానికి కొత్తవాళ్లు పడరు. దానికి ఇక్కడే బాగుంటుంది. దానికి అక్కడ భయమేస్తుంది. ప్రతి వాక్యమూ 'దానికి' అనే మొదలైంది. అది మాత్రం నాలుగు అడుగుల దూరంలో కూర్చుని వింటూనే ఉంది. బావ అతని నోటికి వేసిన తాళం రెండు మీటల తాళం. తాను వేసిన తాళానికి మీటలు కూడా లేవు. బావ గుర్తొచ్చి కూడా ఊరుకున్నాడు. తనకు గుర్తే రాలేదు. ఈ రెంటిలో ఏది తక్కువ తప్పో తేల్చుకోవాలనుకున్నాడు గానీ, తేల్చినంత మాత్రాన ఆమెకు ఒరిగేదేమిటో కనిపించలేదు.

"వెళ్తావా?" అని అడిగాడు చివరికి.

"నీకు చెప్పను."

"ఎందుకు?"

"చెబితే సాయంత్రం దాన్ని నీకు కావలసినట్టు చిత్రిక పట్టి చెప్తావు. మూలలన్నీ పోతాయి."

ఆమె మళ్లీ అల్లకం అందుకుంది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నారు. సాయంత్రం తానే మాట్లాడితే గెలుస్తాడు. అందులో అనుమానం లేదు. కటకటాలున్నాయి, మూర్ఛలు ఆగాయి, బావ కుట్ర బయటపడింది. అక్క అడిగినదానికి జవాబు ఉంది. రేపు బండి రాదు. చెల్లెలు మాట్లాడితే ఏమవుతుందో తెలియదు. ఆమె వెళ్లిపోతానంటే ఈ ఇంట్లో, సగం అల్లిన కుర్చీల మధ్య, తిట్టడానికి కూడా మనిషి ఉండదు. దాని కోసం అని ఇన్నాళ్లూ అనుకున్నదాంట్లో తన కోసం ఎంత ఉందో కొలిచి చూసుకుంటే, కొలత మింగుడు పడలేదు.

నాలుగు కావస్తుండగా లేచాడు. లేతు ఆగే ఉన్నా మెయిను స్విచ్చు కూడా కట్టేశాడు. ఒక చెక్క ముక్క తీసుకుని, దాని మీద పెన్సిలుతో నంబరూ కోడూ హ్యాషూ రాసుకున్నాడు. అక్కడితో ఆపాడు. ఫోనును బల్ల మీద పెట్టకుండా చేతిలోనే పట్టుకుని అంకెలు ఒక్కొక్కటే నొక్కాడు. స్వాగతం ముగిసేదాకా విన్నాడు. కోడ్ నొక్కాడు. చేరారని ఆవిడ చెప్పాక స్పీకర్ పెట్టాడు.

"టింగుమంది," అన్నాడు చిన్నాన్న.

"మేనేజరు గారూ, వచ్చింది మా బామ్మర్ది," బావ చెబుతున్నాడు. "ఆయన మాట్లాడరు. వింటారంతే."

"మాట్లాడతాను," అన్నాడు అతను.

లైను మొత్తం బిగుసుకుపోయింది. తర్వాత అక్క గొంతు, చాలా మెల్లగా: "ఒరే."

నాలుక మీద మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఒక్కొక్కటే మింగాడు. సులువుగా దిగలేదు.

"నేను ఇన్నివారాలూ మాట్లాడుతూనే ఉన్నానక్కా. మీకు వినబడలేదు. ఎందుకు వినబడలేదో బావనడుగు, ఆయనకు తెలుసు. నువ్వడిగిన అడ్డం కట్టాను. కట్టి, చెల్లెలికి కిటికీ లేకుండా చేశాను. రెండూ నిజమే."

"బావకేం తెలుసు? ఏంటండీ ఇది?" అంది అక్క.

"అది తర్వాత తేల్చుకుందాం," బావ గబగబా అందుకున్నాడు. "మేనేజరు గారి టైము వృథా. బామ్మర్దీ, నీ అభ్యంతరం ఏంటో చెప్పు, రాసుకుంటారు."

"వెళ్లాలో వద్దో చెప్పాల్సింది నేను కాదు, మీరూ కాదు. దాని నోటితో వినండి."

"దాన్నేం అడుగుతాంరా," అన్నాడు చిన్నాన్న.

అతను మూలకు నడిచాడు. ఫోను తీసుకెళ్లి చెల్లెలి చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని పట్టుకుని, నోరు తెరవబోయి, అలవాటు చొప్పున అతని మొహం వైపు చూసింది. ఆ మొహంలో ఏం రాసి ఉందో అతనికి తెలుసు. చెరపడం అతని వల్ల కాదు. అందుకని మొహాన్నే అక్కడినుంచి తీసుకుపోయాడు. నాలుగు అంగల్లో గుమ్మం దాటి వీధిలోకి వచ్చి, వెనక్కి తిరక్కుండా చెయ్యి మాత్రం చాచి తలుపు దగ్గరగా లాగాడు.